కొండమీది కోట, కొండకింది గరిటె

పెన్నానది కర్ణాటకంలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమలను దాటి, తూర్పుగా సముద్రంకేసి వస్తుంది. మధ్యలో దానికి వెలిగొండలు అడ్డం. ఉత్తరాన్నుంచి దక్షిణానికి పొడుగాటి గోడలాగా సాగిన ఆ కొండలను చీల్చుకొని పెన్న నెల్లూరు సీమలో అడుగుపెట్టే చోటే సోమశిల. ఆ కనుమకు అడ్డంగా ఆనకట్ట కట్టే పని 1975లో మొదలైంది. ఇప్పుడక్కడ 78 టి.ఎం.సి.లు, అంటే 7,800 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టే జలాశయం ఉన్నది.

ఈ సోమశిల నుంచి వెలిగొండలను పట్టుకొని ఉత్తరంగా సుమారు పాతిక మైళ్ళు పోతే ఒక పెద్ద కొండ కనిపిస్తుంది. ఆ కొండ పాదాన ఒక ఊరు. కొండ పేరూ, ఊరి పేరూ ఒక్కటే: ఉదయగిరి. ఉదయగిరి అంటే సూర్యుడు పొడిచే కొండ అని అర్థం.

పిల్లలూ! మీలో చాలామంది ఉదయగిరి పేరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. శ్రీకృష్ణదేవరాయలు జయించిన కోటల పట్టికలో అది మొదట వస్తుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవటానికి ఆ ఒక్క పేరూ, పక్కన ఒక సంవత్సరమూ చాలు. కాని ఆ ఊరి కథ అంత చిన్నది కాదు. అందులో ఒక మహారాజు ఏడాదిన్నర పట్టుదల ఉన్నది, ఒక విగ్రహం చేసిన దూరప్రయాణం ఉన్నది, చెక్కతో చేసిన ఒక చిన్న గరిటె ఉన్నది. కోటకన్న గరిటె ఎక్కువకాలం బతికింది. అది ఎలాగో చెబుతాను, వినండి.

కొండే కోట

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. దానికి ఒక పక్క నిటారుగా తెగిన రాతి చరియలు ఉన్నవి. కొన్నిచోట్ల ఆ చరియలు వెయ్యి అడుగుల దాకా లోతు. పక్షి తప్ప మరేదీ ఆ వైపు నుంచి పైకి పోలేదు. రెండో పక్క ఎక్కటానికి దారులు ఉన్నవి గాని, ప్రతి దారినీ పైనుంచి కాపలా కాయటానికి వరసలు వరసలుగా గోడలూ బురుజులూ కట్టారు. మొత్తం 13 కోటలు: కొండమీద 8, కింద 5.

వెలిగొండలలో ఎక్కువగా కనిపించే రాతిని క్వార్ట్జైట్ అంటారు. ఇది చాలా గట్టి రాయి. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఈ ప్రాంతమంతా ఒక సముద్రపు అడుగున ఉండేది. ఆ అడుగున పేరుకున్న ఇసుక, మీదపడిన బరువుకూ భూగర్భంలోని వేడికీ గట్టిపడి రాయిగా మారింది. తరవాత భూమి ముడుతలుపడి ఆ రాయి కొండలుగా పైకి లేచింది. మీరు వెలిగొండ మీద ఒక రాతిముక్క తీసి భూతద్దంలో చూస్తే మెరిసే ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపిస్తవి. కాబట్టి ఉదయగిరి కోటకు సగం గోడలు ప్రకృతే కట్టిపెట్టింది. రాజులు మిగతా సగం కట్టుకున్నారు.

కొండమీద కోట కట్టుకుంటే శత్రువును దూరం నుంచే చూడవచ్చు. పైనుంచి బాణం వేస్తే వేగంగా పోతుంది. కిందినుంచి వేస్తే పైకి చేరేసరికి బలం తగ్గిపోతుంది. ఒక బండను దొర్లిస్తే చాలు, అదే ఆయుధం. అయితే కొండకోటకు ఒక కష్టం ఉన్నది: తిండీ, నీరూ. వానలు పడ్డప్పుడు నీటిని గుంటలలో, కోనేళ్ళలో నిలవ చేసుకోవాలి. ధాన్యం ముందుగానే గాదెలకు ఎత్తుకోవాలి. కొండకోటలో బతకటమంటే ముందుచూపుతో బతకటం.

పంచతంత్రం విన్న రాజు

విజయనగర రాజ్యం స్థాపించినవారిలో మొదటివాడు హరిహరరాయలు. ఆయన తమ్ముడు కంపరాయలు ఉదయగిరి కేంద్రంగా తూర్పు సీమను పాలించాడు. ఆయనకు మంత్రి ఎవరో తెలుసునా? వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యులు! కంపరాయలు చనిపోయేనాటికి ఆయన కొడుకు సంగముడు బాగా చిన్నవాడు. సాయణాచార్యులే ఆ పిల్లవాడికి చదువు చెప్పి, పెద్దవాడయ్యేదాకా రాజ్యం చక్కబెట్టారు. ఆ సంగముడు పెద్దవాడై తన గురువైన శ్రీకంఠనాథునికి నెల్లూరు సీమలోని బిట్రగుంట గ్రామాన్ని దానం చేశాడు. 1356లో రాయించిన ఆ శాసనాన్ని రచించినది సాయణుని తమ్ముడైన భోగనాథుడు.

తరవాత వందేళ్ళకు ఉదయగిరిని బసవరాజు అనే ప్రభువు ఏలాడు. దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాలలో రాసి ఈ బసవరాజుకే అంకితం ఇచ్చాడు. సింహాన్ని బావిలో దూకించిన కుందేలూ, కోతి గుండెకాయ కోసం ఆశపడ్డ మొసలీ మీకందరికీ తెలిసినవే. ఆ కథలు తెలుగు పద్యాలై మొదట వినిపించిన కొలువులలో ఉదయగిరి కొలువు ఒకటి.

ఉదయగిరి ఇంతగా ఎందుకు ముఖ్యమైంది? దక్షిణాన విజయనగరం, ఉత్తరాన ఒరిస్సా గజపతుల రాజ్యం. ఈ రెండింటికీ నడుమ సరిహద్దులో ఉన్నది ఉదయగిరి. అది ఎవరి చేతిలో ఉంటే వారికి కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న సీమ మీద పట్టు ఉంటుంది. పదిహేనవ శతాబ్దం చివర విజయనగరానికి రాజైన సాళువ నరసింహరాయలు గజపతుల చేతికి చిక్కి, ఉదయగిరిని వదులుకొని విడుదల పొందాడు. తరవాతి రాజులకు ఈ మాట మరపుకు రాలేదు.

ఏడాదిన్నర ముట్టడి

కృష్ణదేవరాయలు 1509లో సింహాసనం ఎక్కాడు. ఇంటిపని చక్కబెట్టుకొని, 1513లో సైన్యంతో ఉదయగిరి మీదికి వచ్చాడు. అప్పటి ఒరిస్సా రాజు ప్రతాపరుద్ర గజపతి.

ఈ ముట్టడిని గురించి మనకు చెప్పేవాళ్ళలో న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు ఒకడు. అతను గుర్రాలు అమ్ముకోవటానికి వచ్చి, 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. ముట్టడి జరిగి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. అంటే అతను కళ్ళారా చూడలేదు. పెద్దలు చెప్పుకోగా విని రాశాడు. అతను రాసిన లెక్క ప్రకారం రాయల వెంట 34,000 మంది కాల్బలమూ, 800 ఏనుగులూ వచ్చినవి. కోటలో 10,000 మంది కాల్బలమూ, 400 గుర్రాలూ ఉన్నవి. అంతకు మించి అవసరం లేదట! ఎందుకంటే ఆ కోటను ఆకలితో మాడ్చి లొంగదీసుకోవాలే తప్ప, బలంతో పట్టుకోవటం ఎవరివల్లా కాదని అనుకునేవారట.

కోటకు చేరటానికి ఒకే ఒక దారి. అదీ ఒకరి వెనక ఒకరు నడవవలసినంత ఇరుకు. ఆ దారిలో 34,000 మంది ఉన్నా ఒకటే, పదిమంది ఉన్నా ఒకటే. ముందున్న ఒక్కడే పోరాడగలడు.

పాఠం చెప్పే రోజుల్లో ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒక పిల్లవాడు లేచి, “అంత పెద్ద సైన్యం ఉండీ ఏడాదిన్నర ఎందుకు పట్టిందండీ?” అని తప్పకుండా అడిగేవాడు. నేను జవాబు చెప్పకుండా నల్లబల్ల మీద ఒక లెక్క వేసేవాణ్ణి. మీరూ వెయ్యండి.

మనిషికి రోజుకు అరకిలో ధాన్యం అనుకుందాం. కోటలో 10,000 మందికి రోజుకు 5,000 కిలోలు, అంటే 5 టన్నులు. ఏడాదిన్నరకు సుమారు 540 రోజులు. మొత్తం 2,700 టన్నులు కావాలి. ఒక్కొక్క లారీకి 10 టన్నులు ఎత్తినా 270 లారీల ధాన్యం! ఇది కోటలోని వాళ్ళ లెక్క. బయట ఉన్నవాళ్ళ సంగతి ఇంకా కష్టం. 34,000 మందికి రోజుకు 17 టన్నుల ధాన్యం కావాలి. ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత మేస్తుంది. 800 ఏనుగులకు రోజుకు 120 టన్నుల మేత. ఉదయగిరి వానలు తక్కువ పడే మెట్టప్రాంతం. అక్కడ అంత మేతా, నీరూ రోజూ సమకూర్చటం ఎంత పనో ఊహించండి. ఇన్ని వేలమందిని ఏడాదిన్నరపాటు పోషించగలవాడే అక్కడ ఏడాదిన్నర నిలవగలడు.

మరి రాయలు ఏం చేశాడు? కోట తలుపులు తెరుచుకునేదాకా ఎదురుచూస్తూ కూర్చోలేదు. దారి వేయించాడు. పెద్దపెద్ద బండలను పగలగొట్టించి, కొండల మీదుగా అనేక బాటలు చేయించాడనీ, ఆ ఇరుకు దారిని వెడల్పు చేయించి సైన్యాన్ని బురుజుల దాకా నడిపించాడనీ న్యూనిజ్ రాశాడు.

ఆ కాలంలో మందుపాతరలూ, యంత్రాలూ లేకుండా బండలను ఎలా పగలగొట్టేవారు? మన రాతిపనివాళ్ళకు రెండు ఉపాయాలు తెలుసును. ఒకటి: బండ మీద బాగా మంట వేసి, కాలి ఉన్నప్పుడు చన్నీళ్ళు పోయటం. వేడికి వ్యాకోచించిన రాయి ఒక్కసారిగా సంకోచించేసరికి పగుళ్ళిస్తుంది. రెండు: రాతిలో వరసగా రంధ్రాలు తొలిచి, వాటిలో ఎండిన చెక్కమేకులు బిగించి నీళ్ళు పోస్తూ ఉండటం. చెక్క నీరు తాగి ఉబ్బుతుంది. ఆ ఉబ్బే బలానికి ఎంత బండ అయినా చీలుతుంది. చెక్క రాతిని చీలుస్తుందంటే వింతగా లేదూ? మన గుళ్ళలోని పాత స్తంభాలను చూడండి. కొన్నిటి అంచుల మీద వరసగా ఉలిగుంటల గుర్తులు ఇప్పటికీ ఉంటవి.

1514 జూన్ నెలలో ఉదయగిరి కోట రాయల వశమైంది. ప్రతాపరుద్రుని పినతండ్రి తిరుమల రాహుత్తరాయ మహాపాత్రుడు పట్టుబడ్డాడని శాసనాలు చెబుతున్నవి. న్యూనిజ్ మాత్రం పట్టుబడ్డది గజపతి మేనత్త అని రాశాడు. ఎవరి మాట నమ్మాలి? ఇటువంటి చోట చరిత్రకారులు ఆ కాలంలోనే, ఆ రాజు ఏలుబడిలోనే చెక్కిన శాసనానికి ఎక్కువ విలువ ఇస్తారు. ఇరవై ఏళ్ళ తరవాత విన్న కబురు దాని తరవాతే. అయినా దారులు వేసిన సంగతి మనకు చెప్పింది ఆ వర్తకుడే. అందుకని ఎవరి మాటనూ పారవేయకూడదు. పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రయాణం చేసిన బాలకృష్ణుడు

గెలిచిన రాయలు తిన్నగా ఇంటికి పోలేదు. ఇద్దరు రాణులతో తిరుమలకు వెళ్ళి, 1514 జూలైలో శ్రీవేంకటేశ్వరునికి 30,000 బంగారు నాణాలతో కనకాభిషేకం చేయించాడు. ఆ సంగతి అక్కడి శాసనంలో ఉన్నది.

ఉదయగిరి నుంచి ఆయన ఒక బాలకృష్ణ విగ్రహాన్ని తనతో తీసుకుపోయాడు. దానికోసం విజయనగరంలో, అంటే ఈనాటి హంపీలో, ఒక పెద్ద ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ కృష్ణాలయం ఇప్పటికీ ఉన్నది. దాని గోపురం మీద గుర్రాలూ, యోధులూ బారులు తీరిన సున్నపు బొమ్మలు కొన్ని నేటికీ కనిపిస్తవి.

కాని ఆ మహానగరం కూడా ఎల్లకాలం నిలవలేదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగరం పాడుబడింది. గుడి ఖాళీ అయింది. దెబ్బతిన్న ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. ఉదయగిరిలో పూజలందుకున్నవాడు హంపీ చేరాడు, హంపీ నుంచి చెన్నై చేరాడు. మీరు ఎప్పుడైనా ఆ మ్యూజియం చూడబోతే, ఆ విగ్రహం ముందు ఒక్క నిమిషం ఆగండి. అది మన నెల్లూరు సీమ కొండమీది నుంచి వచ్చింది.

గజపతికీ రాయలకూ తరవాత సంధి కుదిరింది. కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన సీమను రాయలు తిరిగి ఇచ్చివేశాడు. గజపతి తన కుమార్తెను ఆయనకిచ్చి పెళ్ళి చేశాడు. ఉదయగిరి మాత్రం విజయనగరానికే ఉండిపోయింది.

కోట ఎలా మూగపోయింది

విజయనగరం క్షీణించిన తరవాత ఉదయగిరి గోలకొండ సుల్తానుల చేతికి వచ్చింది. కొండ శిఖరాన ఒక మసీదు ఉన్నది. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో షేక్ హుసేన్ అనే అధికారి దాన్ని కట్టించి, తోట వేయించాడని అక్కడి పారశీక శాసనాలు చెబుతున్నవి. ఒక్క కొండ మీదనే గుళ్ళ శిథిలాలూ, మసీదూ ఉన్నవి. తెలుగు, సంస్కృత, పారశీక భాషలు మూడూ ఈ సీమ కొలువులలో వినిపించినవి. ఆ తరవాత ఆర్కాటు నవాబు ఈ సీమను ముస్తఫా అలీఖాన్ అనే ఆయనకు జాగీరుగా ఇచ్చాడు. ఆయన వంశంవాళ్ళు 1840 దాకా ఏలుకున్నారు. ఆ ఏడు ఇంగ్లీషు కంపెనీవారు రాజద్రోహం మోపి జాగీరు లాగేసుకొని, జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించివేశారు.

దానితో కొండ మూగపోయింది. దూరం నుంచి కొట్టే పెద్ద ఫిరంగులు వచ్చాక కొండకోటలకు పాత విలువ లేదు. దేశమంతా ఒకే ప్రభుత్వం కిందికి వచ్చాక సరిహద్దూ లేదు. కాపలావాళ్ళు దిగిపోయారు. గాదెలు ఖాళీ అయినవి.

గోడలు కూలటానికి శత్రువే రానక్కరలేదు. పక్షులు రావిపండ్లూ మర్రిపండ్లూ తిని గోడ మీద రెట్ట వేస్తవి. అందులోని గింజ ఒక పగులులో మొలుస్తుంది. దారమంత వేరు వేలంతై, చెయ్యంతై రాళ్ళను విడదీస్తుంది. ఏటా గోడ మీది మొక్కలు పీకివేసే మనిషి ఉంటే వెయ్యేళ్ళు నిలిచే గోడ, ఆ మనిషి లేకపోతే వందేళ్ళలో ఒరుగుతుంది. ఏడాదిన్నరపాటు మహారాజును ఆపిన కోటను ఒక ఆవగింజంత విత్తనం పడగొట్టింది!

ఇక మనుషులు చేసే చెరుపు వేరే ఉన్నది. పాడుబడ్డ గుడి కనిపిస్తే చాలు, కింద లంకెబిందెలు ఉన్నవని తవ్వేవాళ్ళు బయలుదేరుతారు. మన దేశంలో ఎంత శిథిలం ఉంటే అంత తవ్వకం. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో 10 రూపాయలకు మించిన విలువగల పాతర ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి, దాచుకోవటం నేరం. అసలు నిధి కింద లేదు, పైనే ఉన్నది. శాసనం చెక్కిన రాయే నిధి. 1905లో బట్టర్‌వర్త్ దొర, వేణుగోపాలచెట్టిగారు కలిసి నెల్లూరు జిల్లాలోని శాసనాలన్నిటినీ వెతికించి, అచ్చుకొట్టి పాఠాలు రాయించి, మూడు సంపుటాలుగా ప్రకటించారు. ఆ తరవాత పగిలిపోయిన రాళ్ళు ఎన్నో! ఆ పుస్తకాలలో ఎక్కినవాటి మాట మనకు మిగిలింది. ఎక్కకముందే పగిలినవాటి మాట ఎన్నటికీ తెలియదు.

కొండకింది గరిటె

కొండ మూగపోయినా ఊరు మూగపోలేదు. ఉదయగిరిలో దిలావర్ భాయి వీధి అని ఒక వీధి ఉన్నది. అక్కడి కుటుంబాలవారు తరతరాలుగా చెక్కతో గరిటెలు, చెంచాలు, ముళ్ళచెంచాలు, పళ్ళాలు చేస్తున్నారు. ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పని ఇది. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకుంటారు. కొన్నిటి కాడల మీద పారశీకపు పద్ధతిలో తీగలూ పువ్వులూ చెక్కుతారు. కోటలో ఆ భాష మాట్లాడేవాళ్ళు పోయి చాలాకాలమైంది. ఆ పువ్వులు మాత్రం ఇంకా గరిటె కాడల మీద పూస్తూనే ఉన్నవి.

ఆ చెక్క ఎక్కడిది? ఆ కొండలదే. నర్ది, బిక్కి, కల్ది, దేవదారి, పాలబరికి అనేవి వారు వాడే చెట్లు. ఇక్కడి దేవదారి, హిమాలయాలలో ఆకాశానికి పెరిగే దేవదారు వృక్షం కాదు. అది మన మెట్ట అడవులలో పెరిగే చిన్న చెట్టు. పచ్చిచెక్కలో నీరు ఉంటుంది. తొందరపడి పని మొదలుపెడితే నీరు ఆరేకొద్దీ చెక్క ముడుచుకొని పగులుతుంది. అందుకని నిదానంగా ఆరనిచ్చిన చెక్కనే పనికి తీసుకోవాలి. రంపంతో కోసి, ఉలితో తొలిచి, ఆకురాయితో నున్నగా రాసి, గుండ్రని గుంటా సన్నని కాడా తీయాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే కాడ విరుగుతుంది. అంతసేపూ పడ్డ పాటు వృథా.

చెక్కగరిటెలో ఉన్న సుగుణం ఏమిటి? మీరే చూడండి. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకొని, ఒక గిన్నెలో బాగా కాగిన నీళ్ళు పోయించండి. అందులో ఒక స్టీలు గరిటె, ఒక చెక్కగరిటె నిలబెట్టండి. రెండు కాడల చివర్లకూ శనగగింజంత వెన్న అంటించండి. కాసేపటికి స్టీలు కాడ మీది వెన్న కరిగి జారుతుంది. చెక్క కాడ మీది వెన్న అలాగే ఉంటుంది. లోహం వేడిని త్వరగా మోసుకుపోతుంది, చెక్క మోయదు. అందుకే కాగే పులుసులో తిప్పినా చెక్కగరిటె చెయ్యి కాలనివ్వదు.

చవకబారు ప్లాస్టిక్కూ, స్టీలూ బజారులోకి వచ్చాక ఇటువంటి చేతిపనులకు అంతటా గిరాకీ తగ్గింది. ఆ రోజుల్లో ఈ పని విడిచిపెడితే ఎవరూ వద్దనేవారు కాదు. అయినా కొందరు పట్టు విడవలేదు. ఇప్పుడు ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999లో చేసి 2003 నుంచి అమలులోకి తెచ్చిన చట్టం ఒకటి ఉన్నది. ఒక ఊరి నేలవల్లా, ఆ ఊరివారి నేర్పువల్లా పేరు పొందిన వస్తువును మరొక చోట చేసి ఆ ఊరి పేరుతో అమ్మటానికి వీలులేదని ఆ చట్టం చెబుతుంది. తిరుపతి లడ్డుకు అటువంటి గుర్తింపే ఉన్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గుర్తింపు కాగితం గరిటె చెయ్యదు. గరిటె కావాలంటే రెండు కావాలి: కొండమీద చెట్టు, ఇంట్లో నేర్చుకునే బిడ్డ. చెట్లను నరకటమే గాని మళ్ళీ పెంచటం లేకపోతే, పని తెలిసిన చేతులు ఉండీ చెక్క ఉండదు. పనికి తగిన కూలి గిట్టకపోతే, చెక్క ఉండీ నేర్చుకునే బిడ్డ ఉండదు. ఈ రెంటిలో ఏది తెగినా వందల ఏళ్ళ తీగ తెగినట్టే.

దూరదేశంలో మరొక కొండఊరు

ఐరోపాఖండంలో హంగరీ అనే దేశం ఉన్నది. అక్కడ చెర్హాట్ కొండలలో హొల్లోకో అనే పల్లె ఉన్నది. వాళ్ళ భాషలో హొల్లో అంటే బొంతకాకి, కో అంటే రాయి. పూర్వం ఒక ప్రభువు ఒక కన్యను ఎత్తుకుపోయి కొత్తకోటలో దాచబోతే, కాకులు ఆ కోట రాళ్ళను ఒక్కొక్కటే ముక్కున కరుచుకొని పోయినవని అక్కడి అవ్వలు కథ చెబుతారు. ఉదయగిరికి మల్లేనే అక్కడా పైన పాడుబడ్డ కోట, కింద ఊరు. 1241లో మంగోలులు దండెత్తి దేశాన్ని తగలబెట్టిన తరవాత ఆ కోట కట్టారు. పద్ధెనిమిదవ శతాబ్దం మొదట్లో అది పాడుబడింది.

1909లో ఆ పల్లెలో నిప్పంటుకొని ఇళ్ళు కాలిపోయినవి. ఊరివాళ్ళు ఏం చేశారో తెలుసునా? తమ తాతలు కట్టుకున్న తీరులోనే మళ్ళీ కట్టుకున్నారు. కాకపోతే నిప్పు భయం లేకుండా గడ్డికి బదులు పెంకు కప్పుకున్నారు. 1987లో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ ఆ పల్లెను ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. అంతకు ముందు ఏడు, 1986లో, మన హంపీ అదే పట్టికలో చేరింది.

హంపీ రాజులు కట్టిన మహానగరం. హొల్లోకో రైతులు కట్టుకున్న చిన్న పల్లె. రెండిటికీ ఒకే పట్టికలో చోటు దొరికింది. అంటే ప్రపంచం దృష్టిలో రాజు కట్టించిన గోపురం ఎంత వారసత్వమో, ఊరివాళ్ళు నిలుపుకున్న ఇల్లూ అంత వారసత్వమే.

ఉదయగిరి కోటను విజయనగరంవారు పట్టుకున్నారు, గజపతులు పట్టుకున్నారు, గోలకొండవారు, నవాబులు, కంపెనీవారు పట్టుకున్నారు. ఒకరి తరవాత ఒకరు వదిలిపోయారు. విగ్రహాన్ని తీసుకుపోయారు, జాగీరు తీసుకుపోయారు. ఎవరూ తీసుకుపోలేనిది ఊరివాళ్ళ చేతిలోని పనితనం ఒక్కటే. దాన్ని బలంతో లాక్కోలేరు. నేర్పితేనే వస్తుంది, నేర్చుకుంటేనే నిలుస్తుంది.

బాలలారా! ఈసారి మీరు ఏ పాతకోటకో, గుడికో పోయినప్పుడు గోడమీద బొగ్గుతోనో మేకుతోనో మీ పేరు గీయకండి. అక్కడ ముందే ఎవరో రాసిన పేర్లు ఉన్నవేమో చూడండి. అవి ఆరువందల ఏళ్ళనాటివి కావచ్చు. మీ ఊళ్ళో గుడి ముందో, చెరువుగట్టు మీదో అక్షరాలు చెక్కిన రాయి ఉంటే దానికి సున్నం కొట్టవద్దని పెద్దలకు చెప్పండి. మీ వీధిలో బుట్టలు అల్లే తాతనూ, కుండలు చేసే పెదనాన్ననూ, చాపలు నేసే అవ్వనూ పలకరించండి. వాళ్ళు ఏ చెట్టు, ఏ మన్ను, ఏ గడ్డి వాడుతారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోండి. తారీకు వేయటం మరచిపోకండి. చరిత్ర రాసేవాళ్ళకు ముందు కావలసింది అదే.